ముగ్గు చెదరకుండా గేర్‌బాక్స్ ఆయిల్

ఆటోమేటిక్ కారుకు గేర్‌బాక్స్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకుందామనుకునేవాళ్ళు ముందు ఒక సంగతి మనసులో గట్టిగా పెట్టుకోవాలి. ఈ పనిలో మార్కులు వేసేది గేర్‌బాక్స్ కాదు, ఇంటి ఆడవాళ్ళు. గేర్‌బాక్స్ పాడైతే ఆరు నెలలకో ఏడాదికో బయటపడుతుంది. అప్పటికి దానికి వంద కారణాలు చెప్పుకోవచ్చు. వాకిట్లో మరక పడితే మాత్రం మర్నాడు తెల్లారి ఐదున్నరకు, కళ్ళాపి చల్లడానికి తలుపు తీసిన నిమిషంలోనే బయటపడుతుంది. దానికి కారణం ఒక్కటే, మీరు. అందుకని నా పద్ధతిలో మొదటినుంచి చివరిదాకా ఒకటే లెక్క: మరక పడిందా, లేదా? లోపల ఏం జరిగిందన్నది కంటికి కనబడని వ్యవహారం. కనబడనివన్నీ చూసుకోవడానికి కొండ మీద స్వామి ఉన్నాడు.

నా అర్హత ఏమిటని అడుగుతారేమో. నాకు కారు లేదు. అదే నా బలం. కారున్నవాడికి దాని మీద ప్రేమ అడ్డొస్తుంది. డాష్‌బోర్డు అరలోంచి కంపెనీవాళ్ళ పుస్తకం తీస్తాడు, రెండు పేజీలు చదువుతాడు, భయపడి షెడ్డుకు పోతాడు. నేనట్లా కాదు. తిరుపతిలో క్లచ్ లేని కార్లు పెరగడం మొదలైన కాలం నుంచీ మా వీధి అరుగు మీద కూర్చుని, పక్కవాళ్ళ బండ్ల కింద ఏం జరుగుతోందో తీరిగ్గా చూస్తున్నవాణ్ణి. సాయంత్రం ఆరింటికి లీలామహల్ సర్కిల్లో క్లచ్ తొక్కి తొక్కి మోకాళ్ళు పట్టేసినవాళ్ళంతా ఆటోమేటిక్‌కు మారినారు. మారినవాళ్ళలో సగంమంది నా సలహా తీసుకున్నారు. తీసుకున్న ఇళ్ళలో ఏ ఒక్క వాకిట్లోనూ ఈ రోజుకీ మరక లేదు. కార్ల సంగతి వేరే.

ముందుగా చేయవలసింది, మీది ఏ రకం ఆటోమేటిక్కో తెలుసుకోకుండా ఉండటం. షెడ్డుకు పోతే మొదట ఈ ప్రశ్నే అడిగి మనసు పాడుచేస్తారు. మా వీధి చివర మెకానిక్ ఒకాయన చాక్‌పీసు తీసి గోడ మీద బొమ్మలేసి మరీ చెబుతాడు. "ఇన్నోవా క్రిస్టాలో ఉండేది టార్క్ కన్వర్టర్ అన్నా. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ ఆటోమేటిక్‌లోనూ అదే. బండి కదిలేటప్పుడు ఇంజిన్ బలాన్ని గేర్లకు అందించేదే ఆ నూనె. హోండా అమేజ్‌లో సీవీటీ. దాంట్లో గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరగతా ఉంటాది. కొన్ని సెల్టోస్ బండ్లలో డీసీటీ, రెండు క్లచ్‌లది. వ్యాగన్ఆర్ వెనకాల ఏజీఎస్ అని రాసుంటే అది అసలు మామూలు గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు వేసే పని మనకు బదులు ఒక యంత్రం చేస్తాది, అంతే. దాంట్లో పోసేది మామూలు గేరాయిలు. ఒకదాని నూనె ఇంకోదాంట్లో పోస్తే కథ ముగిసినట్టే."

ఇదంతా వినడానికి బాగుంటుంది గానీ, నేను ఒక్కటే అడుగుతాను. అన్నింట్లోనూ డీ, ఆర్ అనే అక్షరాలు ఉన్నాయా లేవా? ఉన్నాయి. ఎడమ కాలికి పని ఉందా? లేదు. ఇక తేడా ఏముంది? 2014లో మారుతి సెలెరియో వచ్చినప్పుడు మన దేశంలో చవకలో ఆటోమేటిక్ అనగానే జనం ఎగబడి కొన్నారు. లోపలిది మామూలు గేర్‌బాక్సా, మరొకటా అని అడిగి కొన్నవాళ్ళు ఎంతమంది? ఇంకా ముందుకు పోతాను. పెనుకొండలో తయారయ్యే కియా సోనెట్‌లో ఐఎంటీ అని ఒక రకం వచ్చింది. దాంట్లో క్లచ్ పెడల్ ఉండదు, గేర్లు మాత్రం చేత్తో వేసుకోవాలి. నన్నడిగితే అదీ ఆటోమేటిక్కే. ఎర్ర నూనె పోయవచ్చు.

ఎర్ర నూనె ఎందుకంటే, కొనేటప్పుడు చూడవలసింది రంగు ఒక్కటే కాబట్టి. డబ్బా వెనకాల సన్న అక్షరాల్లో ఏవో ఉంటాయి. టయోటాకు డబ్ల్యూఎస్ అట, హ్యుందాయ్, కియాల టార్క్ కన్వర్టర్లకు ఎస్పీ-4 అట, హోండా సీవీటీకి హెచ్‌సీఎఫ్-2 అట. కళ్ళజోడు ఇంట్లో పెట్టి షాపుకు పోతే ఈ బాధ ఉండదు. షాపువాడు ఏమంటాడంటే, ఆ ఎరుపు గుణం కాదు, కలిపిన రంగు, ఇంజిన్ ఆయిల్‌తో తికమక పడకుండా కంపెనీవాళ్ళు కలుపుతారు, సీవీటీ నూనెల్లో పచ్చవీ ఉన్నాయి అని. వాడి సరుకు అమ్ముకునే మాటలు. గేర్‌బాక్స్ నూనె అంటే కేవలం జారుడు కోసం పోసేది కాదని కూడా చెబుతాడు. లోపల పల్చటి క్లచ్ పలకలు దొంతరగా ఉంటాయనీ, గేరు మారేటప్పుడు అవి ఒక క్షణం జారి మరుక్షణం గట్టిగా పట్టుకోవాలనీ, జారాల్సిన చోట జారి పట్టాల్సిన చోట పట్టే గుణం కోసమే ఒక్కో కంపెనీ ఒక్కో మందు కలుపుతుందనీ అంటాడు. సీవీటీలో ఉక్కు బెల్టు పుల్లీని పట్టుకునేది కూడా ఆ నూనె పొర ఇచ్చే పట్టుతోనేనట. జారేదే పట్టుకోవడం ఏమిటి? లోకంలో ఎక్కడైనా ఉందా?

ఇంతకూ ఈ నూనె చరిత్ర తెలిస్తే మీకూ ధైర్యం వస్తుంది. 1939లో అమెరికాలో ఓల్డ్స్‌మొబిల్ కార్లకు హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెట్టినారు. దీనికి ప్రత్యేకంగా నూనె కావాలని జనరల్ మోటార్స్ వాళ్ళు టైప్ ఏ అని ఒక ప్రమాణం రాసుకున్నది 1949లో. అంటే పదేళ్ళు ప్రత్యేకమైన ప్రమాణం లేకుండానే బండ్లు తిరిగినాయి. ఆ తర్వాత నూనెలో ఏం కలిపినారో తెలుసా? తిమింగలం నూనె. స్పెర్మ్ తిమింగలం నుంచి తీసిన ఆ నూనె పలకల మధ్య పట్టు సరిగ్గా కుదిరేట్టు చేస్తుందని 1970ల మొదలుదాకా కలుపుతూనే ఉన్నారు. అంతరించిపోయే జీవులను కాపాడాలని అమెరికా 1973లో చట్టం చేశాక అది ఆగిపోయింది. తిమింగలం పోతే ఇంకొకటి దొరికింది గదా. అట్లాంటప్పుడు డబ్ల్యూఎస్ లేకపోతే దుకాణంలో విడిగా దొరికేది దొరకదా? విడి నూనెతో ఇంకో లాభం కూడా ఉంది. డబ్బా ఉండదు కాబట్టి డబ్బా మీద రాసినది తప్పని ఎవరూ నిరూపించలేరు.

అసలు మార్చాలా వద్దా అనే మీమాంస కొందరికి ఉంటుంది. కొన్ని కార్ల పుస్తకాల్లో ఈ నూనె జీవితకాలం వస్తుందని రాసుంటుంది. జర్మనీలో గేర్‌బాక్స్‌లు చేసే జెడ్ఎఫ్ కంపెనీ మాత్రం తన గేర్‌బాక్స్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళకు మార్చమంటుంది. ఈ రెంటికీ వైరుధ్యం లేదు. నూనె జీవితకాలం వస్తుంది, ఎవరి జీవితకాలమో రాయలేదు. ఘాట్ ఎక్కే బండికి ఇంకా ముందే మార్చాలని మెకానిక్కులు అంటారు. వేడికి నూనె మాడి నల్లబడుతుందట, వాసన వస్తుందట. మాడు వాసన మనకు కొత్తా? దిగేటప్పుడు ఆ ఘాట్‌లో అందరి బ్రేకులూ అదే వాసన కొడతాయి.

సరే, పనిలోకి దిగుదాం.

స్థలం ఎంచుకోవడంలోనే సగం విజయం ఉంది. సమతలంగా ఉండే చోటే బండి పెట్టాలని, లేకపోతే నూనె మట్టం తప్పుగా చూపిస్తుందని పుస్తకం చెబుతుంది. తిరుపతిలో సమతలం ఎక్కడుంది సామీ? ఇంటి ముందు సైడు కాలవ, కాలవ మీద రాతి బండ, బండ మీంచి గేటు దాకా సిమెంటు ర్యాంపు. ఆ ర్యాంపు మీదే పెట్టండి, ముందు చక్రాలు పైకి, వెనక చక్రాలు వీధిలోకి. ముందు భాగం పైకి లేస్తుంది కాబట్టి కింద దూరడానికి చోటు దొరుకుతుంది. నూనె వెనక్కి వాలి లోపల మూలల్లో నిలిచిపోతుంది గానీ, నిలిచిపోయిన నూనె కింద పడదు. మరక ఆ మేరకు తగ్గినట్టే.

ర్యాంపు లేనివాళ్ళు జాకీ వాడతారు. స్టెప్నీ మార్చడానికి కంపెనీ ఇచ్చిన జాకీ చాలు. అది చక్రం మార్చడానికే గానీ మనిషి కింద దూరడానికి కాదని దాని మీదే బొమ్మ వేసి ఉంటుంది. బొమ్మలు చిన్నపిల్లలకు. జాకీ స్టాండ్లు కొనమంటారు, ఒక జత రెండు వేల చిల్లర అవుతుంది. దానికి బదులు మిద్దె మీద మిగిలిన సిమెంటు హాలో ఇటుకలు ఉన్నాయి గదా. అవి గోడలో వరసగా ఉంటే ఇంటిని మోస్తాయి, ఒక్కటే ఒక మూల మీద బరువు పడితే చప్పుడు చేయకుండా పగిలిపోతాయని మేస్త్రీలు చెబుతారు. చెయ్యి విరిగితే పుత్తూరు మనకు దగ్గరే, కట్టు కట్టించుకోవచ్చు. టన్నున్నర ఇనుము ఛాతీ మీద పడితే పుత్తూరులో కట్టేవాళ్ళకు కూడా పని మిగలదు గానీ, అశుభం పలకకూడదు. ఈ ఒక్క చోట మాత్రం నా పద్ధతిని మీరు పాటించకపోయినా నేను నొచ్చుకోను.

ఇప్పుడు అసలు రహస్యానికి వస్తాను, ఫ్లెక్సీ.

కింద పరచడానికి పాత పేపర్లు పనికిరావు. రెండు నిమిషాల్లో తడిసి, నేల మీద అచ్చు గుద్దినట్టు అక్షరాలతో సహా మరక దింపుతాయి. గోనెపట్ట పీలుస్తుంది గానీ, కిందికి కార్చేస్తుంది. ఫ్లెక్సీకి సాటి లేదు. నాయకుల పుట్టినరోజుకు, సినిమా విడుదలకు, బ్రహ్మోత్సవాలకు స్వాగతం చెప్పడానికి కట్టినవి మన ఊళ్ళో ఏడాది పొడవునా దొరుకుతాయి. ఆరడుగులు పన్నెండడుగులది ఒకటి చాలు. పరిచేటప్పుడు ముఖం ఉన్న వైపు కిందికి పెట్టండి. రాజకీయంగా అదే క్షేమం. పైకి పెడితే ఎవరి ముఖం మీద నల్ల నూనె పడిందన్నది వీధిలో పోయేవాళ్ళు గమనిస్తారు, నూనె సంగతి మర్చిపోయి పార్టీ సంగతి ఎత్తుకుంటారు.

నాలుగు అంచుల కింద రీపర్లు పెట్టి అంచు పైకి లేపితే తొట్టిలాగా అవుతుందని, నూనె బయటికి పోదని మా మెకానిక్ అంటాడు. దాని మీద వెడల్పాటి ట్రే, ట్రే మీద రంపపు పొట్టు, పక్కన కొలత గీతలున్న డబ్బా పెట్టుకోమంటాడు. ఇన్ని పెట్టుకుంటే అది పనిలాగా ఉంటుంది. నా పద్ధతిలో అంచు లేపం. ఫ్లెక్సీ చుక్క నూనె పీల్చదు, నున్నగా ఉంటుంది, ర్యాంపు వాలుగా ఉంటుంది. పడిన నూనె అట్లాగే జారి, మన వాకిలి దాటి, కాలవ బండ మీదుగా ఎదురింటి గేటు దగ్గర ఆగుతుంది. మన వాకిట్లో మరక లేదు. మనం పెట్టుకున్న లెక్క అదే గదా.

తర్వాత బోల్టు. కారు కింద పడుకుంటే రెండు డ్రెయిన్ బోల్టులు కనబడతాయి, ఒకటి ఇంజినుది, ఒకటి గేర్‌బాక్సుది. ఏది సులభంగా వస్తే అది విప్పండి. ఎర్రగానో గులాబి రంగుగానో, బాగా వాడినదైతే గోధుమ రంగుగానో వస్తే గేర్‌బాక్సుది అంటారు, మసి నలుపుతో వస్తే ఇంజినుది. నలుపు వచ్చిందనుకోండి, కంగారు వద్దు. కొత్త నూనె మాత్రం పైన గేర్‌బాక్స్‌లోనే పోసేయండి. ఇంజినులో బొట్టు లేదు, గేర్‌బాక్స్‌లో రెట్టింపు ఉంది, మొత్తం మీద కారులో నూనె తగ్గలేదు. సరాసరి సరిపోయింది.

కింద బోల్టు విప్పేముందు పైన నింపే బోల్టు వదులవుతుందో లేదో చూసుకోమని ప్రతి మెకానిక్కూ చెబుతాడు. అది పట్టేసి రాకపోతే, కింద ఖాళీ చేసి పెట్టుకున్న బండి కదలదు, షెడ్డుకు కూడా పోలేదు, షెడ్డే ఇంటికి రావాలి. వీళ్ళకు ఎప్పుడూ చెడు ఆలోచనే. మీరు కింద బోల్టే ముందు విప్పండి. మంగళకరమైన పని కింది నుంచే మొదలుపెట్టాలి, కొండకు పోయేవాళ్ళు అలిపిరి నుంచే గదా మొదలుపెడతారు. పైది రాకపోతే అప్పుడు చూసుకోవచ్చు. అప్పటికి ఆదివారం సాయంత్రం అయ్యుంటుంది, షాపులు మూసేసి ఉంటాయి, సోమవారం మీకు సెలవు పెట్టుకోవడానికి మంచి కారణం దొరుకుతుంది.

బోల్టుకు ఉన్న పల్చటి అల్యూమినియం వాచరు ఒకసారి నలిగితే రెండోసారి పట్టదు, కొత్తది వేయాలంటారు. పాతదానికే నాలుగు చుట్లు టెఫ్లాన్ టేపు చుట్టి, పైపు తొడిగిన పానాతో వీలైనంత బిగించండి. గేర్‌బాక్స్ గూడు అల్యూమినియంది, బోల్టు ఉక్కుది. ఆ రెంటికీ పోటీ పెడితే ఏది గెలుస్తుందో చూడాలన్న కుతూహలం ఎవరికుండదు? బోల్టు గెలిచి లోపలి మరలు పోతే ఎం-సీల్ ఉంది.

నూనె ఎప్పుడు దించాలన్నది కూడా పెద్ద చర్చ. గోరువెచ్చగా ఉన్నప్పుడు దించితే బాగా కారుతుంది, మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది అంటారు. కొండ ఎక్కి దిగి వచ్చిన వెంటనే దించడమే మంచిది. వేడి నూనె మోచేతి మీదుగా కారితే మనిషి ఎంత వేగంగా కారు కింద నుంచి బయటికి వస్తాడో నేను కళ్ళారా చూశాను, యాభై దాటిన మనిషి.

కొన్ని బండ్లకు డ్రెయిన్ బోల్టుతో సరిపెట్టరు, అడుగున ఉండే రేకు ఛాంబరు కూడా విప్పి ఫిల్టరు మారుస్తారు. పదిహేను ఇరవై చిన్న బోల్టులు, పది నంబరు పానావి. చేతి వేళ్ళతో తిప్పినంత సున్నితంగా బిగించాలట, అదీ ఎదురెదురుగా, ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి, ప్యాకింగు సమంగా నొక్కుకోవడానికి. మనకు తెలిసిన క్రమం ప్రదక్షిణం ఒక్కటే. ఒక చోట మొదలుపెట్టి సవ్యంగా చుట్టూ తిరిగి రండి. మూడు ప్రదక్షిణలైతే ఇంకా మంచిది. రెండో చుట్టులోనే ప్యాకింగు ఒక వైపు ఉబ్బి ఇంకో వైపు బయటికి తోసుకొస్తుంది, మూడో చుట్టులో ఒక బోల్టు తల తెగి చేతిలోకి వస్తుంది. దాన్ని ప్రసాదంగా జేబులో వేసుకోండి. కారే చోట గ్యాస్కెట్ గమ్ము ట్యూబు మొత్తం పిండేయండి. బయటికి ఎంత కనబడుతుందో లోపలికీ అంత పిండుకుంటుంది. ఆ ముక్కలు ఊడి ఫిల్టరు జాలీకి అతుక్కుంటాయి. ఫిల్టరు ఉన్నది అడ్డుపడటానికే, దానికి పని దొరికింది.

ఛాంబరు అడుగున నాణెం అంత అయస్కాంతాలు ఉంటాయి. వాటి మీద బూడిద రంగు మెత్తటి బురద పట్టుకుని ఉంటే అది మామూలు అరుగుదల, తుడిచి మళ్ళీ పెట్టాలి. వేలికి గుచ్చుకునే ఇనుప ముక్కలు ఉంటే లోపల ఏదో విరిగినట్టు. ఈ రెండు మాటలూ మా మెకానిక్‌వే, నాకు నచ్చినవి కూడా. గేర్‌బాక్స్ తన ఆరోగ్యం గురించి నోరు తెరిచి చెప్పే చోటు ఇదొక్కటే. అందుకే నేను వాటిని చూడకుండా తీసి ఫ్రిజ్ తలుపుకు పెట్టుకోమంటాను, కరెంటు బిల్లు పట్టుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి.

నింపడం దగ్గరికి వచ్చాం. ఎంత దిగిందో కొలిచి అంతే పోయాలని శాస్త్రం. ఒకసారి బోల్టు విప్పితే మొత్తం నూనె దిగదు, సగానికి లోపే వస్తుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో ఉండిపోతుంది. అందుకని కొన్నాళ్ళు నడిపి రెండోసారి, మూడోసారి మారుస్తారు. పుస్తకం వెనకాల మొత్తం ఏడు లీటర్లని ఉంటే, మూడు దిగిన చోట ఏడూ పోసేయండి. రాసింది అదే గదా. ఎక్కువైన నూనెను తిరిగే గేర్లు చిలికి నురగ చేస్తాయి. నురగలో గాలి ఉంటుంది, గాలికి పలకలను నొక్కే బలం ఉండదు, గేరు జారుతుంది, పై రంధ్రం నుంచి నూనె ఉమ్ముతుంది. తక్కువైనా పంపు గాలే పీలుస్తుంది, గేరు జారుతుంది. ఎక్కువైనా తక్కువైనా ఫలితం ఒకటే అయినప్పుడు కొలవడం దేనికి?

మట్టం చూడటంలో మాత్రం తిరుపతివాళ్ళకు దేవుడిచ్చిన సౌకర్యం ఒకటి ఉంది. ఇప్పటి చాలా కార్లకు గేర్‌బాక్స్ నూనె చూసే పుల్ల ఉండదు. ఇంజిన్ ఆన్‌లో పెట్టి, గేర్లన్నీ ఒకసారి వేసి తీసి, లోపలి నూనె వేడి నలభై డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు మట్టం బోల్టు విప్పితే, ఎక్కువైనది సన్నగా కారి ఆగిపోవాలి. టయోటావాళ్ళ లెక్క ఇట్లాంటిదే. ఆ వేడి చూడటానికి స్కానర్ కావాలి. మే నెలలో మనకు స్కానరు ఎందుకు? మధ్యాహ్నం పన్నెండుకు రేణిగుంట రోడ్డులో నీడలోనే నలభై దాటుతుంది. బయట నలభై అంటే లోపలా నలభయ్యే. ఇంజిన్ ఆన్‌లో ఉండగా నూనె నిమిషనిమిషానికీ వేడెక్కుతూ పొంగుతుందని, కాసేపట్లో అరవైకి పోతుందని చెప్పేవాళ్ళతో వాదించకండి. వాళ్ళు బహుశా హార్స్‌లీ హిల్స్ నుంచి వచ్చినవాళ్ళు.

ఇంత జాగ్రత్తలోనూ ఒక చెంబెడు వాకిట్లో ఒలికిందనుకోండి. ఇక్కడ ఎర్ర నూనె కొన్నందుకు ఫలితం దక్కుతుంది. తెల్లటి ముగ్గు పక్కన ఎర్రటి మడుగు చూసి తిరుపతిలో ఎవరూ గేర్‌బాక్స్ అనుకోరు. పసుపు సున్నం కలిపి దిష్టి తీసి పారబోసిన నీళ్ళనుకుని ఓరగా దాటుకుని పోతారు. "ఏం సామీ, ఎవురికి దిష్టి తీసినారు?" అని ఒకరిద్దరు అడుగుతారు. "కొత్త కారుకు" అనండి. అబద్ధం కూడా కాదు. పక్కన ఒక నిమ్మకాయ కోసి పెడితే తొక్కేవాడు కూడా ఉండడు, మూడు రోజులు పొరక పెట్టే సాహసం ఎవరూ చేయరు.

నాలుగో రోజు మాత్రం కడగాలి. నీళ్ళు పోసి కడిగితే మరక పెద్దదవుతుంది తప్ప పోదు, ముందు పీల్చేదేదైనా చల్లాలి. రంపపు పొట్టు, ఇసుక, కట్టెల బూడిద ఏదైనా సరే. మన దగ్గర చెనక్కాయల పొట్టు దండిగా దొరుకుతుంది. దట్టంగా చల్లి, చెప్పుకాలితో రాసి, రాత్రంతా వదిలి, పొద్దున ఊడ్చి, బట్టల సబ్బు పొడితో రుద్దితే చాలావరకు పోతుంది. ఇది నా సలహాల్లో చేరిన ఒకే ఒక సరైన మాట, మా ఇంటామె చెప్పింది.

దించిన నూనె ఏం చేయాలి? 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన నూనె కూడా ఉంది, రిజిస్టరైన రీసైక్లింగ్ వాళ్ళకే పోవాలి. ఆటోనగర్ షెడ్లలో డ్రమ్ములు పెట్టుకుంటారు, మూత బిగించిన క్యానులో తీసుకుపోయి ఇస్తే పోసుకుంటారు. అంత దూరం ఎవరు మోస్తారు? ఇంటి ముందే సైడు కాలవ ఉంది. మొదటి వానకు అది స్వర్ణముఖి వైపు తన దారి తను చూసుకుంటుంది. 2021 నవంబరులో వానలు కుమ్మరించినప్పుడు తిరుపతిలో ఎన్నో కాలనీల్లో కాలవల నీళ్ళు ఇళ్ళలోకి వచ్చినాయి. అప్పుడు హాల్లో గోడల మీద మోకాటి ఎత్తున గీత గీసినట్టు జిడ్డు పట్టింది. అది వాకిట్లో పడిన మరక కాదు, గోడ మీది మరక. మన పద్ధతికి దానితో సంబంధం లేదు.

పని అయ్యాక పరీక్షగా నడిపి చూడాలి. వీధిలో రెండు రౌండ్లు వేసి, కింద ఎక్కడైనా కారుతోందా అని చూసి, ఆ తర్వాతే దూరం పోవాలని అంటారు. నేను నేరుగా కొండకే పొమ్మంటాను, కొత్త నూనెకు స్వామి దర్శనం కావద్దా? 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డులో ఎక్కుతారు, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో దిగుతారు. ఎక్కేటప్పుడు 28 నిమిషాల కంటే ముందే పైకి చేరితే వేగంగా నడిపినట్టు లెక్క, జరిమానా. దిగడానికి 40 నిమిషాలు. నా పద్ధతిలో ఆయిల్ మార్చినవాళ్ళలో ఇప్పటిదాకా ఒక్కరు కూడా ఈ జరిమానా కట్టలేదు. ఇంజిన్ అరుస్తుంది, మీటరు ముల్లు లేస్తుంది, బండి మాత్రం భక్తుల నడక వేగం దాటదు. నాలుగు కుటుంబాలు గోవింద నామాలు చెప్పుకుంటూ దాటిపోతాయి.

దిగేటప్పుడు, గేర్‌బాక్స్ అలిసిపోయింది కాబట్టి, న్యూట్రల్‌లో వేసి విశ్రాంతి ఇవ్వండి. కింది గేర్లో పెడితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుందని, బ్రేకుల మీద భారం తగ్గుతుందని ఆ రోడ్డు మీద రోజూ తిరిగే డ్రైవర్లందరూ చెబుతారు. 36 హెయిర్‌పిన్ మలుపుల్లో బ్రేకు మీద నుంచి కాలు తీయకుండా దిగిన అనుభవం వాళ్ళకు లేదు, పాపం.

బండి ఎక్కడో ఒక చోట ఆగుతుంది. ఆటోమేటిక్ బండిని నడిచే చక్రాలు నేల మీద ఆనేలా లాగకూడదు, ఇంజిన్ ఆగి ఉంటే గేర్‌బాక్స్ పంపు తిరగదు, నూనె అందక లోపల ఎండిపోతుంది, అందుకే నాలుగు చక్రాలూ పైకెత్తి పెట్టుకునే బండి పిలిపించాలి అంటారు. దానికి దుడ్లు ఎక్కువ. మీకు చంద్రగిరి వైపు చుట్టాలుంటే ట్రాక్టరూ మోకూ ఉంటాయి. కట్టి లాగించండి.

షెడ్డులో మూడు ప్రశ్నలు అడుగుతారు. ఏ ఆయిల్ పోసినారు, ఎంత పోసినారు, ఎవరు చేసినారు. మొదటిదానికి "ఎర్రది" అనండి. రెండోదానికి "నిండా" అనండి. మూడోదానికి, ఈ బండి సెకండ్‌హ్యాండులో కొన్నదనీ, అమ్మినవాడు కాణిపాకంలో ప్రమాణం చేసి మరీ ఆయిల్ మార్చినానని చెప్పినాడనీ అనండి. కాణిపాకం అన్నాక చిత్తూరు వైపు ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. మెకానిక్ బోల్టు విప్పి, వేళ్ళ మధ్య నూనె రాసి చూసి, వాసన చూసి, మీ వైపు ఒకసారి చూసి కొత్త గేర్‌బాక్స్ రేటు చెబుతాడు. అది వింటున్నప్పుడు ఎంత కోపం వచ్చినా నా పేరు మాత్రం తీయకండి. ఆ షెడ్డు వాళ్ళ నాయన, నేను రోజూ పొద్దున ఒకే చోట టీ తాగుతాం.